చేదు దారం

కోదాడ దవాఖానకు పంపిన మందు దారిలో పోయిందన్న కబురు సూర్యాపేటకు వచ్చిన పొద్దున, రాజారత్నం ఇత్తడి చెంబుల బుట్టకు గోనెగుడ్డ చుట్టి కుడుతున్నాడు.

బస్టాండు పక్కన రేకుల షెడ్డు. అందులో ఒక చెక్కపలక మీద కూర్చుని బుట్టను రెండు మోకాళ్ల నడుమ బిగించాడు. కుడి అరచేతికి తోలుముక్క కట్టుకున్నాడు. దబ్బనాన్ని గుడ్డలోకి గుచ్చడం, తోలు ఆనించి తోయడం, అవతలి వైపు నుంచి లాగడం, దారాన్ని పళ్లతో బిగించడం. ఇరవై రెండేళ్లుగా అదే పని. లాగి లాగి ముందుపళ్లు రెండింటి మధ్య దారం పట్టేంత గాడి పడింది. నవ్వితే ఆ గాడి కనబడుతుందని నవ్వడమే మానేశాడని అతని భార్య దేవమ్మ అంటుంది. వయసు యాభై నాలుగు. సన్నని మనిషి. చదువు రాదు. అయినా షెడ్డులో కోదాడ మూట ఏదో, మిర్యాలగూడ మూట ఏదో, పట్నం పోయేది ఏదో చీకట్లో తడిమి చెప్పగలడు.

అతనికి కొన్ని పట్టింపులు ఉన్నాయి. కిరసనాయిలు డబ్బా పక్కన బెల్లం పెట్టనివ్వడు. ఎండుచేపల గంప పక్కన బడి పుస్తకాలు పెట్టనివ్వడు. ఎవరైనా పెడితే మాట అనడు. లేచి వెళ్లి, మూటను ఎత్తి వేరేచోట పెట్టి, వచ్చి మళ్లీ కూర్చుంటాడు.

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. బస్సులు మళ్లీ వేళకు తిరుగుతున్నాయి. ఆ పొద్దున కోదాడ నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టరు ఒక ఖాళీ గోనెతొడుగును, దానితోపాటు ఒక ఉత్తరాన్ని మున్షీ బల్ల మీద పడేసి పోయాడు. షెడ్డు వ్యవహారమంతా చూసేది మున్షీయే. ఉత్తరం చదువుతున్నకొద్దీ ఆయన మొహం ముడుచుకుపోయింది.

"రాజారత్నం, ఇటు రా."

రాజారత్నం దబ్బనం గుచ్చి లేచాడు.

"పోయిన వారం కోదాడ దవాఖానకు కొయినా డబ్బ కుట్టినవా?"

"కుట్టిన సాబ్. చలిజ్వరం మందే గద?"

"మందు గాదట. ముగ్గుపిండట. నలుగురైదుగురు రోగులకు ఇచ్చినంక కంపౌండరు నాలికె మీద ఏసుకున్నడట. చేదు లేదట." మున్షీ కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. "తొడుగు విప్పకుండ, ఒక పక్క చీరి డబ్బ తీసిన్రట. ఇగో తొడుగు. కుట్టు తెగలే. లక్కముద్ర పగలలే. మరి మందెట్ల పోయింది? ఆవిరైందా?"

"నేను కుట్టినప్పుడు మంచిగనే ఉండె."

"మూత తీసి సూసినవా?"

"మూత తియ్యడం నా పని గాదు సాబ్."

"గదే నేను అంటున్న. దారిల ఎవలు విప్పలేదంటే, కుట్టకముందే మార్చిన్రని అర్థం. కుట్టకముందు అది ఎవల చేతులల్ల ఉండె? నీ చేతులల్ల." మున్షీ గొంతు తగ్గించాడు. "నేను అంటలే. షెడ్డు షావుకారు అంటడు. పోలీసు అమీన్‌ను పిలుస్తడు. ఇగ మందులు మన షెడ్డు నుంచి తెప్పించుకోనని ఆ డాక్టరమ్మ రాసింది. ఇయ్యాల పదకొండు గంటల బస్సుకు ఆఖరి డబ్బ పోవాలె. దాన్ని నీ చేతికి ఇయ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు."

మూటలు మోసే బిక్షం చేతిలోని సంచిని దించి అలాగే నిలబడిపోయాడు. రాజారత్నం ఎవరి వంకా చూడలేదు. తొడుగును తీసుకుని పలక దగ్గరికి వెళ్లాడు. పక్కలన్నీ బొటనవేలితో తడుముతూ వచ్చాడు. కుట్లు తనవిలాగే ఉన్నాయి. అదే ఎడం, అదే బిగువు. అడుగుపక్క దగ్గర మాత్రం వేలు ఆగింది. ఎందుకు ఆగిందో అతనికే తెలియలేదు. ఆ దారాన్ని కొస పట్టి పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

వెంటనే పక్క కుట్టు దారాన్ని పెట్టుకున్నాడు. తరవాత పైకుట్టు. మళ్లీ అడుగుది.

ఇరవై రెండేళ్లలో రాజారత్నం పరిగెత్తడం ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు. ఆ పొద్దున చూశారు. నాలుగు అంగల్లో మున్షీ బల్ల దగ్గర ఉన్నాడు.

"సాబ్! కొరుకు!"

"ఏంది?"

"దారం కొరుకు సాబ్!"

"నీకు పిచ్చి లేసిందా? నీ ఎంగిలి దారం నేను కొరకాల్నా?"

రాజారత్నం గబగబా కత్తి తీసి, నోరు తగలని చోట రెండు ముక్కలు కోసి బల్ల మీద వేరువేరుగా పెట్టాడు. మున్షీ అటూ ఇటూ చూసి, మొదటి ముక్కను పంటి కింద పెట్టాడు.

"థూ! ఏంది గింత చేదు?"

"యాపనూనె సాబ్. ఇగ అది కొరుకు."

మున్షీ రెండోదాన్ని నమిలాడు. మళ్లీ నమిలాడు. "దీనికేం రుచి లేదు."

"లేదు గద! లేదు గద సాబ్!"

బిక్షం కూడా వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

సంగతి ఇది. చాలా ఏళ్ల కింద మిర్యాలగూడకు పంపిన మిఠాయి బుట్ట కుట్లను ఎలుకలు కొరికి లోపలికి దూరాయి. పెళ్లివారి మిఠాయి. అంతా పారబోశారు. ఆ రోజు రాజారత్నం ఇంటికి వచ్చి అన్నం తినలేదు. మర్నాటి నుంచి దేవమ్మ దారాన్ని వేపనూనెలో నానబెట్టి, తేనెమైనం పట్టించి, నీడలో మూడు రోజులు ఆరబెట్టి ఉండ చుట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. ఎలుక పన్ను పెట్టదు. చీమ పాకదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కనుక అతనూ చెప్పలేదు. దేవమ్మ మొదట్లో పళ్లు పాడవుతాయని బాధపడింది. అతనికి ఆ చేదు ఎంత అలవాటైందంటే, అది లేకపోతేనే నోటికి తెలిసింది.

"అడుగుపక్క నేను కుట్టింది గాదు," అన్నాడు. "ఎవలో విప్పిన్రు. మందు మార్చిన్రు. నా తూట్లల్లనే దబ్బనం గుచ్చి మల్ల కుట్టిన్రు. బజారు దారంతోని."

"ఎవలు?"

రాజారత్నం తొడుగును మళ్లీ తిప్పి చూశాడు. అడుగుకుట్టు చివర ముడి ఉంది. రెండు మెలికలు తిప్పి, కొసను లోపలికి దాచిన ముడి. తోలుపని చేసే తండ్రి దగ్గర నేర్చుకున్న ముడి. దాన్ని అతను లోకంలో ఒక్కడికే నేర్పాడు.

"అది తెలువది సాబ్. కని ఈ ముచ్చట డాక్టరమ్మకు చెప్పాలె. డబ్బ నేనే కుడత. నేనే తీసుకపోత."

"నువ్వా? కోదాడకా? ఎన్నడన్న బస్సు ఎక్కినవా?"

ఎక్కలేదు. అతను కుట్టిన మూటలు బెజవాడ వెళ్లాయి, పట్నం వెళ్లాయి. అతను చివ్వెంల దాటలేదు, అక్కడికి పోయింది కూడా నడిచి, అత్తగారింటికి.

మున్షీ ఉత్తరాన్ని మడిచాడు. "సాయంత్రం దాక షావుకారును నేను ఆపుత. ఆ డాక్టరమ్మతోని ఒక్క ముక్క రాయించుకుని రా. లేకుంటే రేపు ఈ పలక మీద ఇంకొకలు కూసుంటరు."

రాజారత్నం కొత్త డబ్బాను కుట్టాడు. అంత వేగంగా ఎన్నడూ కుట్టలేదు. కుట్టు మాత్రం వంకర పోలేదు. పైకుట్టు ముడి మీద లక్క కరిగించి ముద్ర వేశాడు. దబ్బనం, కత్తి, దారం ఉండ పంచె మడతలో దోపుకుని, పాత తొడుగును చంకలో పెట్టుకున్నాడు. బిక్షాన్ని పిలిచి, "మీ వదినెకు చెప్పు, నేను బస్సుల పోతున్న అని," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "కిటికీ పక్కన కూసుంట అని చెప్పు," అన్నాడు. నవ్వాడు. పళ్ల మధ్య గాడి కనబడింది.

బస్సు దగ్గర మొదటి గొడవ క్లీనరుతో వచ్చింది.

"మూట టాపు మీదికి ఇయ్యి."

"టాపు మీద ఏమున్నయ్?"

"కిరసనాయిలు డబ్బలున్నయ్, ఎండుచేపలున్నయ్. నీ మూటను కొరుకుతయా?"

"నేనియ్య. ఇది మందు. వాసన పడ్తది."

"ముసలోడా, మూట ఒళ్లె పెట్టుకుంటే దానికి సుత టికెటు కొట్టాలె!"

"కొట్టు," అన్నాడు రాజారత్నం.

బస్సులో ఉన్నవాళ్లు నవ్వారు. అతను కిటికీ పక్కన కూర్చుని మూటను రెండు చేతులతో పట్టుకున్నాడు. బస్సు కదిలింది. చెట్లు వెనక్కి పోవడం మొదలయ్యేసరికి అతని ఒళ్లు జల్లుమంది. వానలు తగ్గి చేలన్నీ పచ్చగా ఉన్నాయి. నడిచి వెళ్లిన దారే. ఇన్నేళ్లకు దాన్ని ఎత్తు మీద నుంచి చూస్తున్నాడు. చివ్వెంల వచ్చింది. వచ్చినట్టే వెనక్కి పోయింది. మొదటిసారి చివ్వెంల దాటాడు. పక్కన ఎవరికైనా చెప్పాలనిపించింది.

చివ్వెంలలో ఎక్కిన తండా మనిషి ఒకామె అతని పక్కన కూర్చుంది. చేతులకు మోచేతుల దాకా గాజులు. పేరు రంగి.

"ఏం పెద్దయ్యా, గట్టిగ పట్టుకున్నవ్. మనుమడా?"

"మందు."

"ఏం మందు?"

"కొయినా. చలిజ్వరానిది."

ఆమె మొహంలో నవ్వు పోయింది. "గా కోదాడ దవాఖాన మందా? వద్దు పెద్దయ్యా. మొన్న తెచ్చి నా కొడుకు ఫకీరాకు పోసిన. తియ్యగ లేదు, చేదు లేదు. ఆడు ఇంక వణుకుతనే ఉండు. ఇయ్యాల గా డాక్టరమ్మనే అడుగుదమని పోతున్న. ఇదేం మందు, ఇదేం దవాఖాన అని!"

రాజారత్నం మూటను మరింత దగ్గరికి లాక్కున్నాడు. ఇంతదాకా అతనికి తన పలక, తన పేరు గుర్తున్నాయి. ఇప్పుడు వణుకుతున్న పిల్లవాడు ఒకడు కళ్ల ముందుకు వచ్చాడు.

"ఎన్నేండ్లు పిలగానికి?"

"పదకొండు."

"మాకు ఒక బిడ్డ ఉండె," అన్నాడు కాసేపటికి. "ఎస్తేరు. దానికి సుత పదకొండే. పెద్ద లడాయి దినాలు. కొయినా యాడ దొరకలే." మునగాల దాటిన తరవాత రంగి తన మూటలోంచి రెండు జొన్నరొట్టెలు తీసి, ఒకటి అతని చేతిలో పెట్టింది. మూటను వదలకుండా ఒంటిచేత్తో తిన్నాడు.

కోదాడలో దిగగానే పార్సల్ గది ముందు నుంచి దాటాడు. తల తిప్పలేదు. లోపల ఎవరు కూర్చుని ఉంటారో అతనికి తెలుసు.

దవాఖాన అంటే రెండు గదులు, ఒక వసారా. వసారాలో పాతికమంది దాకా ఉన్నారు. కొందరు దుప్పట్లు కప్పుకుని పళ్లు టకటకలాడేలా వణుకుతున్నారు. డాక్టరమ్మ అరుంధతి బెజవాడ వైపు మనిషి. గట్టి గొంతు. రాజారత్నం తానెవరో చెప్పగానే లేచింది.

"నువ్వేనా కుట్టింది? మళ్లీ ఏం మొహం పెట్టుకొచ్చావయ్యా? ఈసారి ఏం పోసుకొచ్చావు, బూడిదా?"

"అమ్మా, జర ఈ దారం కొరుకున్రి."

వసారాలో అందరూ ఆమెను చూశారు. ఆమె అతన్ని చూసింది. రాజారత్నం పాత తొడుగును పరిచి, నాలుగు పక్కలూ చూపి, దేవమ్మ దారం సంగతి చెప్పాడు. అంత పొడుగు మాట అతను పుట్టినప్పటి నుంచి మాట్లాడలేదు. మాట తడబడ్డప్పుడల్లా వేలితో కుట్టును చూపించాడు. డాక్టరమ్మ రెండు ముక్కలూ కత్తిరించుకుని కొరికింది. మొదటిదానికి ఆమె మొహం చిట్లింది. రెండోదానికి చిట్లలేదు. ఆమె కంపౌండరును పిలిచి కొరకమంది. అతనూ కొరికాడు.

"ఈ అడుగుపక్క విప్పి కుట్టారండీ," అన్నాడు కంపౌండరు. "ఇతనిది కాదు ఇది."

"మేం సుత సూస్తం!" అన్నది రంగి.

ఆ మాటతో వసారా అంతా లేచింది. ఒకరు చేయి చాచారు, ఇంకొకరు చాచారు. రాజారత్నం నడుము నుంచి దారం ఉండ తీసి, అడిగినవాళ్లకల్లా అంగుళమంత కోసి ఇచ్చాడు. దుప్పటి కప్పుకున్న ముసలాయన కొరికి, "అబ్బో, జ్వరం దిగింది!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. "నాకియ్యలే, నాకియ్యలే!" అంటూ ఒక అవ్వ ఆవలి కొస నుంచి అరిచింది. ఇన్నేళ్లుగా ఎవరూ చూడని తన దారాన్ని ఇంతమంది నోట్లో పెట్టుకుని మొహాలు చిట్లిస్తుంటే, రాజారత్నానికి చేయి ఆగలేదు.

తరవాత కొత్త మూటను బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ స్వయంగా లక్కను చూసింది, నాలుగు కుట్లనూ కొరికి చూసింది. అప్పుడు అతనే కోశాడు. కంపౌండరు డబ్బా మూత తీసి, తెల్లటి పొడిని చిటికెడు రంగి అరచేతిలో వేశాడు. ఆమె నాలుకకు రాసుకుంది.

కళ్లు మూసింది. మూతి వంకర పోయింది. గాజులన్నీ గలగలమనేలా చేతులు విదిలించింది.

"చేదే! అమ్మో, చేదే! యాడి, ఏం చేదు!" అని తండా మాటలో అమ్మను పిలుస్తూ, నవ్వుతూ, ఏడుస్తూ కొంగుతో నోరు తుడుచుకుంది.

డాక్టరమ్మ కాగితం మీద నాలుగు వరుసలు రాసి, మడిచి అతని చేతికి ఇచ్చింది. "మీ మున్షీకి ఇవ్వు. ఇకమీదట మా మందు నువ్వు తప్ప ఎవరూ కుట్టకూడదని రాశాను." ఆపైన ఆమె గొంతు మెత్తబడింది. "ఇంకో పని చేసిపెట్టు. ఈ దొంగపొడి పట్నానికి పరీక్షకు పంపాలి. దారిలో దీన్నీ మార్చేస్తారేమోనని నా భయం. నువ్వు కుట్టు."

"ఇప్పుడే వస్తనమ్మా," అని రాజారత్నం బయటికి వెళ్లాడు.

పార్సల్ గదిలో ఐలన్న చటుక్కున లేచాడు. ఆరేళ్లు సూర్యాపేట షెడ్డులో రాజారత్నం పక్కన కూర్చుని కుట్టిన మనిషి. ఇక్కడ కాపలా పని దొరికితే వచ్చేశాడు.

"అన్నా! నువ్వు కోదాడలనా? కూసో, చాయ్ తెప్పిస్త."

రాజారత్నం కూర్చోలేదు. "చెయ్యి మంచిగ కుదిరింది ఐలన్నా. ఒక్క పోగు బయటికి రాలే. ముడి సుత నాకంటే మంచిగ ఏసినవ్."

ఐలన్న తలుపు వంక చూశాడు.

"మందు ఎంత మిగిలింది?"

అతను తలుపు దగ్గరగా వేశాడు. "సగం," అన్నాడు. "సగం అమ్మిన. చెడిపోయిన అన్నా."

"పదకొండేండ్ల పిలగాడు ముగ్గుపిండి తాగి వణుకుతుండు. నాలుగు గంటలకు నా బస్సు. అప్పటిలోపల నువ్వే తీసుకపోయి డాక్టరమ్మ ముంగట పెట్టు, నువ్వే చెప్పుకో. లేకుంటే బస్సు ఎక్కేముందు నేను చెప్త."

తిరిగి వచ్చి దవాఖాన బల్ల దగ్గర కూర్చున్నాడు. దొంగపొడి డబ్బాకు గోనెగుడ్డ చుట్టాడు. ఒక పక్క కుట్టాడు, రెండో పక్క కుట్టాడు. ఎడమ భుజం లాగుతోంది. మూటను పొద్దంతా పట్టుకున్నందుకు అనుకున్నాడు. మూడో పక్క సగంలో ఉండగా ఐలన్న వసారా ఎక్కాడు. చంకలో గుడ్డ చుట్టిన పొట్లం. అతను నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లాడు. లోపల ఆమె గొంతు ఒక్కసారి పైకి లేచింది, తరవాత తగ్గింది. రాజారత్నం తల ఎత్తలేదు. మూడో పక్క ముగించి, దారం కోసం నడుము తడుముకున్నాడు.

దారం లేదు. మూడు పక్కలకు పట్టింది పోను, ఉండ మొత్తం జనం నోళ్లలోకి పోయింది.

గది బయటికి వచ్చి గోడ పక్కన నిలబడ్డ ఐలన్న అది చూశాడు. అమీన్ కోసం మనిషి వెళ్లాడు, అప్పటిదాకా అక్కడే ఉండమని డాక్టరమ్మ చెప్పింది. ఐలన్న మొలలోంచి దారం చుట్ట తీసి మెల్లగా ముందుకు చాపాడు.

"నా దగ్గర ఉంది అన్నా."

"అది ఎలుకలు తింటయ్ ఐలన్నా," అన్నాడు రాజారత్నం. కోపంగా అనలేదు.

బస్సు హారను వినబడింది. అతను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, ఇయ్యాల దారం ఒడిసింది. రేపు మా ఇంటామెతోని పెద్ద ఉండ తీసుకుని వస్త. ఒక్క పక్కనే ఉన్నది."

"దానికోసం మళ్లీ ఇంత దూరం ఎందుకయ్యా? మామూలు దారంతో నేను కుట్టించేస్తాలే."

"వద్దమ్మా. నేనే వస్త. బస్సుల వస్త," అన్నాడు. ఆ ఆఖరి మాట అన్నప్పుడు అతని మొహం చూసి డాక్టరమ్మ నవ్వి తల ఊపింది.

తిరుగు బస్సులోనూ కిటికీ పక్కనే దొరికింది. రంగి మందు పొట్లాన్ని రవికెలో దాచుకుని పక్కన కూర్చుంది. మునగాల దాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. దేవమ్మను ఒకసారి బస్సు ఎక్కిస్తానన్నాడు. కోదాడ చూపిస్తానన్నాడు. అక్కడి నుంచి బెజవాడ ఎంత దూరమని కండక్టరును అడిగాడు. కండక్టరు చెప్పింది విని, "అంతేనా!" అన్నాడు. ఆపైన తలను కిటికీ ఊచకు ఆనించి చేలను చూస్తూ ఉండిపోయాడు.

చివ్వెంలలో రంగి లేచింది. ఎండ ఇంకా ఉంది.

"పెద్దయ్యా, నేను దిగుతున్న."

అతను పలకలేదు. అలిసిపోయి నిద్రపోయాడనుకుంది. జారిపోతున్న అతని కండువాను భుజం మీదికి సర్ది, గాజులు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని దిగింది.

సూర్యాపేటలో అందరూ దిగాక కండక్టరు వచ్చి భుజం తట్టాడు. ఒళ్లు చల్లగా తగిలింది. బిక్షం, మున్షీ కలిసి దించారు. మున్షీ అతని పిడికిలి విప్పి కాగితం తీసుకుని చదివాడు. అది చేతిలో పట్టుకుని దేవమ్మ దగ్గరికి తనే నడిచి వెళ్లాడు.

కోదాడ దవాఖానలో ఆ మూట బల్ల మీదే ఉంది. కంపౌండరు పక్కకు జరపబోతే డాక్టరమ్మ వద్దంది. మూడో కుట్టు చివర దబ్బనం గుచ్చి ఉంది. నాలుగో పక్క కుట్టలేదు.